పీర్ల పండుగ: మారుతున్న రూపం – భాగస్వామ్యం

కీలక పదాలు: పీర్ల పండుగ, ఆలం, స్థానిక ఇస్లాం, గ్రామీణ భాగస్వామ్యం

ప్రవేశిక

క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన ఇమామ్ హుస్సేన్ స్మృతిదినాలైన మొహర్రం తెలుగు పల్లెల్లో పీర్ల పండుగగా స్థిరపడింది. పీర్లను నిలపడం, గుండం చుట్టూ ఆడటం, మలీద పంచడం ఇందులోని ప్రధానాంశాలు. పీరు ఎత్తడం, డప్పు కొట్టడం, గుండానికి కట్టెలు తేవడం వంటి పనుల్లో అనేక హిందూ కులాలవారు పాల్గొంటారు. ముస్లిం కుటుంబాలు లేని కొన్ని ఊళ్లలోనూ ఈ పండుగ జరగడం గమనార్హం.

కాలంతో సర్దుబాటు

ఈ పండుగకు మార్పు కొత్త కాదు. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. తెలుగు పంచాంగంలో వలె అధికమాసం లేనందున పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరిగి, దాదాపు 33 ఏళ్లలో ఋతువులన్నింటినీ చుట్టివస్తుంది. నాట్ల పనికీ, ఎండాకాలపు తీరికకూ ఒకే ఆచారాన్ని సర్దుకోవడం పల్లెకు అలవాటైన విద్యే.

ఆధునిక పరిస్థితులకూ ఇదే సర్దుబాటు కనిపిస్తుంది. హైదరాబాదులో బీబీకా ఆలంను సంప్రదాయానుసారం ఏనుగుపై ఊరేగిస్తారు. 2020లో కోవిడ్ ఆంక్షల నడుమ దానిని వాహనంపై తీసుకువెళ్లారు. వాహకం మారింది, ఆలం, ఆషూరా దినం మారలేదు. వలస వెళ్లినవారికి పీర్ల ఊరేగింపు నేడు సెల్‌ఫోన్ తెరపై చేరుతోంది.

అసలు పరీక్ష

సాంకేతికత కంటే మతశుద్ధి వాదమే ఈ సంప్రదాయానికి కఠినమైన పరీక్ష. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవాన్ని అధ్యయనం చేసిన అఫ్సర్ మహమ్మద్ 2013లో వెలువడిన ఆంగ్ల గ్రంథంలో స్థానిక ఇస్లాంకూ, ‘అస్లీ’ ఇస్లాం భావనకూ మధ్యగల ఘర్షణను చర్చించారు. పీర్ల ఆరాధన ఇస్లాంకు విరుద్ధమని కొందరు, హిందువులకు తగదని మరికొందరు వాదించినప్పుడు సన్నగిల్లేది ఉమ్మడి ఆచరణే.

అయితే భాగస్వామ్యమంటే సమానత్వం కాదు. కులాన్నిబట్టి డప్పు కొట్టే విధిని ఒక దళిత కుటుంబం నిరాకరిస్తే దానిని సంప్రదాయ క్షీణతగా లెక్కించరాదు. అది గౌరవం కోసం చేసే డిమాండు. ఆ బాధ్యత అందరిదిగా మారగలిగితే పండుగ మరింత ఉమ్మడిదవుతుంది.

ముగింపు

దీపాలు, వాహనాలు, తెరలు మారినంత మాత్రాన సంప్రదాయం అంతరించదు. పీరును ఎవరు ఎత్తుతున్నారు, ఎవరు తప్పుకున్నారు, ఎందుకు తప్పుకున్నారు అనేవే దాని స్థితిని తెలిపే ప్రశ్నలు. క్షేత్ర పరిశోధన ఊరూరా నమోదు చేయవలసింది పండుగ వైభవంతోపాటు ఈ పాత్రల మార్పును కూడా.