చింతపండు చేసే చిత్రం

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చింతచెట్లకు కొదవలేదు. మీ ఇంట్లో మసకబారిన రాగిచెంబు ఉందా? నానిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి, చెంబును ఒక పక్క మాత్రమే రుద్ది కడగండి. ఆ పక్క తళతళ మెరుస్తుంది!

ఎందుకంటారా? గాలిలోని ఆక్సిజన్‌తో రాగి కలిసి, పైన రాగి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. ఉప్పు ఆ పనిని త్వరపరుస్తుంది.

మరి ఇత్తడిగిన్నెలో పులిహోర కలిపితే? ఇత్తడిలోనూ రాగి ఉంది. అదే ఆమ్లం ఆ రాగిని అన్నంలోకి దించుతుంది. అది ఎక్కువైతే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. అందుకే వంటకు వాడే ఇత్తడిగిన్నెల లోపల తగరంతో కళాయి వేయిస్తారు. పులుపు తగరాన్ని అంత సులువుగా కరిగించలేదు.

మీ ఇంటి గిన్నెల్లో కళాయి చెక్కుచెదరకుండా ఉందా? ఇవాళే చూడండి.