మీకు తెలుసా? ప్రోటాన్లతోనూ స్కాన్ తీయొచ్చు!

క్యాన్సర్ కణితి మీదికి పంపిన ప్రోటాన్ ఒంట్లో కొంతదూరం వెళ్లి, సరిగ్గా ఆగిపోయే చోట భారీగా శక్తిని వదిలేస్తుంది. ఈ గుణం చికిత్సకు పనికొస్తుందని 1946లోనే రాబర్ట్ విల్సన్ సూచించారు.

చిక్కల్లా ఆ ఆగే చోటు దగ్గరే. ఆ లెక్కను ఇప్పటికీ ఎక్కువగా ఎక్స్‌రే సీటీ స్కాన్ చూసే కడుతున్నారు. కానీ కణజాలంలో ఎక్స్‌రేలు తగ్గే తీరు వేరు, ప్రోటాన్లు నెమ్మదించే తీరు వేరు. అందుకే చాలాచోట్ల సుమారు 3.5 శాతం తేడా రావచ్చని ముందే లెక్కలో కలుపుకుంటారు. 20 సెంటీమీటర్ల లోతులో అది 7 మిల్లీమీటర్లు. కణితి వెనకే వెన్నుపాము ఉంటే అదేమీ చిన్న తేడా కాదు!

మరి ప్రోటాన్లతోనే స్కాన్ తీస్తే? ఒంటిని దాటి అవతలికి వచ్చేంత వేగంతో వాటిని పంపి, ఒక్కోటీ ఎంత శక్తి కోల్పోయిందో కొలుస్తారు. దారిలో అవి చెదిరిపోవడంతో బొమ్మ మసకబారుతుంది. కాబట్టి ముందూ వెనకా డిటెక్టర్లు పెట్టి, ప్రతి ప్రోటాన్ నడిచిన దారినీ కంప్యూటర్‌తో అంచనా కడతారు.

ప్రోటాన్లతో స్కాన్ తీయాలన్న ఈ ఆలోచన 1963లో అలన్ కార్మాక్‌ది. సీటీ స్కాన్‌కు 1979లో నోబెల్ పంచుకున్నదీ ఆయనే. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం నడిపిన ‘ప్రవ్డా’ బృందం తమ ప్రోటాన్ స్కాన్ యంత్రం సత్తా చూడటానికి ఎంచుకున్నది మాత్రం ఓ గొర్రె మాంసం ముక్క!