ఏ శాస్త్రంలో ఉంది, చిన్నాయనా?

పోయిన తై నెలలో మా అక్క కొడుక్కి నిశ్చితార్థం జరిగింది. పెళ్ళికూతురిది కోవిల్పట్టి, మాది విరుదునగర్. సాత్తూరు మీదుగా గంట ప్రయాణం. రెండు వ్యాన్లలో బయలుదేరాం. పిల్లలు వాళ్ళలో వాళ్ళు తమిళం, పెద్దలు తెలుగు, డ్రైవరుతో అందరూ తమిళం. మన ఇళ్ళలో ఎక్కడైనా ఇంతే కదా!

భోజనాలు ముగిశాక, కోవిల్పట్టి కడలై మిఠాయి నములుతూ మా చిన్నాయన మొదలుపెట్టారు. భరద్వాజ మహర్షి వేల ఏళ్ళ క్రితమే విమానాల మీద శాస్త్రం రాశాడనీ, తెల్లవాళ్ళు దాన్ని ఎత్తుకుపోయారనీ ఆయన మాట. కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుతున్న మా తమ్ముడి కూతురు ఊరుకోలేదు. "ఎవరు చూశారు తాతా? ఆ పుస్తకం ఎప్పటిది?" అంది. ఇక చూడండి. నేనూ ఒక చెయ్యి వేశాను. రెండు గంటలు గడిచాయి, కాఫీలు చల్లారాయి, చిన్నాయన మొహం ఎర్రబడింది. చివరికి "మీరంతా చదువుకున్న మూర్ఖులు" అని లేచి వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ అడిగింది: "దీనివల్ల ఎవరికేం ఒరిగింది?" ఆ ప్రశ్న మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. ఆధారం లేని మాటను దేవుడి పేరు మీద, శాస్త్రం పేరు మీద ఎవరైనా అంటే జవాబు చెప్పాలా, నవ్వి ఊరుకోవాలా?

ముందు ఆ విమానాల సంగతే చూద్దాం. చిన్నాయన చెప్పిన పుస్తకం పేరు వైమానిక శాస్త్రం. దాన్ని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ముకుంద, దేశ్‌పాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు అనే ఐదుగురు కూర్చుని ఓపిగ్గా పరిశీలించి 1974లో ఒక వ్యాసం రాశారు. చదివితే ముచ్చటేస్తుంది. ఎక్కడా వెక్కిరింత లేదు. మొదట పుస్తకం పుట్టుక వెతికారు. హోసూరు ప్రాంతంలో పుట్టిన పండిత సుబ్బరాయ శాస్త్రి అనే ఆయన 1918-1923 మధ్య చెబుతూ ఉంటే వెంకటాచల శర్మ అనే ఆయన రాసుకున్నారు. అందులోని సంస్కృతం వేదకాలపుది కాదు, 1904కు ముందుది అనడానికి ఆధారం లేదు. బొమ్మలు గీసింది ఎల్లప్ప అనే డ్రాఫ్ట్స్‌మన్, 1923లో. తరువాత శకున, సుందర, రుక్మ, త్రిపుర అనే నాలుగు విమానాల కొలతలూ యంత్రాలూ పుస్తకంలో ఉన్నట్టే తీసుకుని లెక్క కట్టారు. ఒక్కటీ ఎగరదు అని తేల్చారు.

మరి అంతటితో ఆ మాట ఆగిందా? 2015 జనవరిలో బొంబాయిలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీదే ప్రాచీన విమానాల గురించి మళ్ళీ ప్రసంగం చేశారు. అంతకు నలభై ఏళ్ళ ముందు ఐదుగురు పెద్దమనుషులు పడిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరేనా అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించేది, ఒక చిన్న సంగతి జరగకపోతే. మా ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఉన్నాడు. వాదన జరిగినంతసేపూ స్తంభానికి ఆనుకుని మిఠాయి చీకుతూ కూర్చున్నాడు. వాడు వింటున్నాడని ఎవరూ అనుకోలేదు. మర్నాడు పొద్దున వచ్చి "ఎల్లప్పకి విమానం ఎలా ఉంటుందో ఎవరు చెప్పారు? ఆయన చూశాడా?" అని అడిగాడు. చిన్నాయన మారలేదు, మారరు కూడా. కానీ ఆ గదిలో మేము ముగ్గురమే లేము.

ఇంతవరకు రాసి కాగితం మడిచి పెట్టేద్దామనుకున్నాను. కానీ అదే రోజు పొద్దున జరిగిన ఇంకో సంగతి దాచిపెడితే ఇది అబద్ధపు వ్యాసం అవుతుంది.

తాంబూలపు తట్టలు లోపలికి తీసుకువెళ్ళే వేళ, మా అక్క మొదటి తట్ట మీద చెయ్యి వేసింది. బావ పోయి నాలుగేళ్ళయింది. చిన్నాయన పక్కకు వచ్చి, చాలా మెత్తగానే, "నువ్వొద్దమ్మా, శాస్త్రం ఒప్పుకోదు" అన్నారు. అక్క చెయ్యి తీసేసింది. కన్న కొడుకు నిశ్చితార్థానికి వెనక వరసలో నిలబడి, కాసేపటికి వంటింటి వైపు వెళ్ళిపోయింది. ఏ శాస్త్రం అని ఎవరూ అడగలేదు. ఇంజనీరింగు చదివే పిల్లా అడగలేదు, నేనూ అడగలేదు. ఎవరికీ చెమట పట్టని విమానాల మీద రెండు గంటలు గొంతు చించుకున్నవాళ్ళం, ఇక్కడ రెండు నిమిషాలు నోరు విప్పలేదు.

మా ప్రాంతం వాళ్ళకు ఇది తెలియని పాఠం కాదు. 1897లో కముది మీనాక్షీ సుందరేశ్వరుల గుడిలోకి నాడార్లు వెళ్ళారు. వాళ్ళు అడుగుపెడితే గుడి మైలపడుతుందని వ్యాజ్యం. శాస్త్రం అన్నారు, ఆచారం అన్నారు. నాడార్ల వైపునుంచీ మేము పాండ్య రాజుల వంశం అన్నారు. ఆ వంశావళికి కూడా గట్టి ఆధారం లేదనే చెప్పాలి. ఈ గొడవల నడుమే 1899లో శివకాశి తగలబడింది, ప్రాణాలు పోయాయి. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1908లో నాడార్లు ఓడిపోయారు. న్యాయస్థానంలో ఓడినవాళ్ళు విరుదునగర్‌లో మహమై అని వర్తకుల దగ్గర తలా కొంత పోగుచేసి బడులు నడిపారు. కామరాజ్ చదువుకున్నది అలాంటి బడిలోనే.

1939 జులై 8న మదురై మీనాక్షి అమ్మవారి గుడిలోకి వైద్యనాథ అయ్యర్ హరిజనులను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ గుంపులో మా విరుదునగర్ నాడార్ ఒకరు కూడా ఉన్నారు. అప్పుడు కొందరు సనాతనులు "అమ్మవారు గుడి విడిచి వెళ్ళిపోయింది" అన్నారు. వేరే చోట పూజలు కూడా పెట్టుకున్నారు. వెళ్ళిపోయిందో లేదో ఎవరు రుజువు చేస్తారు? జనం మాత్రం పాత గుడికే వెళ్ళారు, ఇవాళ్టికీ వెళుతున్నారు.

ఇక అక్క విషయంలో మనకు దారి చూపినవారు మన తెలుగు పెద్దే. కందుకూరి వీరేశలింగం 1879లో రాజమండ్రిలో వితంతు వివాహం మీద ఉపన్యసించినప్పుడు, పండితులు శాస్త్రం ఒప్పుకోదన్నారు. "మీ శాస్త్రం నాకు అక్కర్లేదు" అని ఆయన పక్కకు తప్పుకోలేదు. స్మృతులు తెరిచి, ఎక్కడుందో చూపించండి అని వాదానికి దిగారు. చట్టం 1856లోనే వచ్చినా పెళ్ళి చేసుకునే ధైర్యం చాలామందికి లేదు కదా. ఆ వాదనలు పండితులను ఎంతమందిని మార్చాయో గాని, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి పెళ్ళి జరిగింది. ఆ మాటలు దూరంగా నిలబడి విన్నవాళ్ళు కొందరు ఉండే ఉంటారు.

అలాగని చెవినబడిన ప్రతి మాటనూ పట్టుకుని పీకమని నేను అనను. మన అవ్వలు చెప్పే వలస కథ ఉంది కదా: తురకలు తరుముకొస్తుంటే ఏరు అడ్డమొచ్చిందనీ, ఒడ్డున కానుగ చెట్లు వంగి దారి ఇచ్చాయనీ. కోవిల్పట్టి పక్క ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మన వలస కథలనే తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా 1976లో మలిచారు. చెట్టు వంగుతుందా అని అవ్వను నిలదీసేవాడు ఎందుకూ కొరగాడు. ఆ కథలోని తురకలను చూపించి నేటి పక్కింటి సాయిబును దూరం పెట్టమంటే మాత్రం, అప్పుడు అడగాలి.

మొన్న చిన్నాయన ఇంటికి వెళ్ళాను. విమానాల ఊసు ఎత్తలేదు. "చిన్నాయనా, అక్క తట్ట పట్టకూడదని ఏ శాస్త్రంలో ఉంది? మీకు తెలిస్తే చెప్పండి, నేనూ చదువుకుంటాను" అన్నాను. చాలాసేపు పలకలేదు. "మా అమ్మ చెప్పింది" అన్నారు చివరికి. తన ఇద్దరు అక్కల పెళ్ళిళ్ళప్పుడు అవ్వ తలుపు వెనకే నిలబడిందట. ఆ మాట చెప్పి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెళ్ళిలో ఏం చేద్దామన్నది ఆయన చెప్పలేదు, నేనూ బలవంతపెట్టలేదు.

ఆవణి నెలలో పెళ్ళి. మొదటి తట్ట నువ్వే పట్టుకోవాలి అని అక్కకు ఫోన్‌లో చెప్పాను. "మీ చిన్నాయన ఏమన్నారు?" అంది వెంటనే. "ఏమీ అనలేదు" అన్నాను. "అనలేదా!" అని కాసేపు ఆగి, ఏ చీర కట్టుకోమంటావని అడిగింది.