ముసాఫిర్ అతిథిగా మారే ఊరు

ఉర్దూలో ముసాఫిర్ అంటే ప్రయాణికుడు. ఇంటికి వచ్చినవాడు మెహమాన్. రైలు దిగి, మూటను తలకింద పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద పడుకున్నవాడు ముసాఫిర్. గడప దాటి లోపలికి వచ్చి మన దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవాడు మెహమాన్. ఈ ఇద్దరినీ మనం ఎన్నడూ ఒకటిగా చూడలేదు. తుర్కీ భాషలో సంగతి వేరు. అదే అరబీ మాటను వాళ్లు 'మిసాఫిర్' అని పలుకుతారు. దాని అర్థం మాత్రం అతిథి. దారిన పోయేవాణ్ణి పిలవడానికి వాళ్లకు 'యోల్జు' అనే సొంత మాట ఉంది. ముసాఫిర్ అన్న మాటను మాత్రం ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టుకున్నారు. అతిథిగృహాన్ని మిసాఫిర్‌హానె అంటారు. మన తెలుగు ఊళ్లలో పెద్దవాళ్లు ముసాఫరుఖానా అనేవారే, అదే మాట ఇది.

2023 అక్టోబరులో కొన్యా నగరంలో మౌలానా రూమీ సమాధిని దర్శించుకున్న తర్వాత, మా బృందంలో కొందరం పడమటి దారి పట్టాం. బస్సులో దాదాపు నాలుగు గంటల ప్రయాణం. కొండ మలుపు తిరిగేసరికి కింద నీలంగా పరుచుకున్న సరస్సు, అందులోకి వేలులా చొచ్చుకుపోయిన నేల, ఆ నేల మీద ఊరు. దాని పేరు ఎయిర్దిర్. ఇస్పార్తా జిల్లాలోని పాత సంత ఊరు. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉండడంతో అక్టోబరులోనే ఫజర్ వేళ వజూ చేస్తుంటే వేళ్లు కొంకర్లు పోయాయి.

ఈ ఊరి పేరుకు ఒక చిన్న కథ ఉంది. 1980ల వరకు దీన్ని 'ఎయ్రిదిర్' అని రాసేవారు. తుర్కీలో ఆ మాటకు 'వంకరగా ఉంది' అని అర్థం వస్తుంది. ఊరివాళ్లకు అది నచ్చక, ఒక్క అక్షరం అటూ ఇటూ చేసి, నూలు వడకడాన్ని సూచించే 'ఎయిర్దిర్' చేసుకున్నారు. అసలు మాట అంతకు ఎంతో ముందున్న గ్రీకు పేరు నుంచి వచ్చిందంటారు. ఇబ్నె బతూతా తన యాత్రా గ్రంథంలో దీన్ని 'అక్రీదూర్' అని రాశాడు. ఆయన గురించి ముందు చెప్పుకుందాం.

ఊరి కొసన నీళ్లలో రెండు చిన్న దీవులున్నాయి. ఇప్పుడు కట్ట మీద రోడ్డు వేసి వాటిని ఊరితో కలిపేశారు. చిన్నదాని పేరు జాన్ అదా. జాన్ అంటే మన ఉర్దూ జానే, ప్రాణం. పెద్దది యెషిల్ అదా, పచ్చ దీవి. 1923 ఒప్పందం ప్రకారం ఇక్కడి గ్రీకు క్రైస్తవులను గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలను తుర్కీకి పంపేవరకు ఈ దీవిలో గ్రీకులే ఎక్కువ. వాళ్ల పాత చర్చి ఒకటి నేటికీ నిలిచి ఉంది. కుటుంబాలు నడిపే చిన్న అతిథిగృహాలు ఎక్కువగా ఈ దీవిలోనే ఉన్నాయి. 'పాన్సియోన్' అని బోర్డు ఉంటుంది. కింద ఇంటివాళ్లు, పైన నాలుగైదు గదులు, సరస్సు వైపు ఒక వసారా.

మేము దిగినది అలాంటి ఇంట్లోనే. ఇంటి యజమానురాలు అరవై దాటిన పెద్దావిడ. తలకు రుమాలు కట్టుకుని గడపలో నిలబడి "హోష్ గెల్దినిజ్" అన్నది. ఖుష్‌లోని 'ఖు' అక్కడ 'హో' అయిందన్న మాట. దానికి "హోష్ బుల్దుక్" అని బదులు చెప్పాలని బస్సులో ఒక విద్యార్థి నేర్పాడు. అది చెప్పగానే ఆమె ముఖం వికసించింది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి, లోపల వేసుకోవడానికి ఇంటివాళ్లే వేరే చెప్పులు ఇస్తారు. తర్వాత మా అరచేతుల్లో నిమ్మవాసన వేసే కొలోన్యా పోసింది. మన ఇళ్లలో అత్తరు పూసినట్టుగా అది అక్కడి మర్యాద. మా ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకుని "అప్పాజాన్" అనేశారు. ఆమెకు అప్పా అర్థం కాలేదు గాని జాన్ అర్థమైంది.

మూడు రోజులూ మాటలతో ఇబ్బంది పడతామనుకున్నాం. అంత ఇబ్బంది పడలేదు. కితాబ్, దునియా, హవా, మేవా, షహర్, షుక్ర్, సబా, ఇవన్నీ కొద్ది తేడాతో అటూ ఇటూ ఒకటే. హెసాప్ అంటే హిసాబ్, హిజ్మెత్ అంటే ఖిద్మత్, చోర్బా అంటే షోర్బా. స్నానాల గదిలోని చిన్న నీటి గొట్టాన్ని కూడా 'తహారెత్' మాటతోనే పిలుస్తారు. హోటలు గదుల్లో చెంబు కోసం వెతుక్కునే మన కుటుంబాలకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క విషయంలో మాత్రం మా గడియారం వాళ్లతో కుదరలేదు. వాళ్లూ హనఫీలే, మేమూ హనఫీలమే. అయినా అసర్ అజాన్ మాకు బాగా ముందుగా వినిపించింది. నీడ ఒకింత అయిన వేళకే అసర్ ప్రవేశిస్తుందన్న ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్‌ల అభిప్రాయాన్ని అక్కడ పాటిస్తారు. మన వైపు రెండింతల నీడ దాకా ఆగుతాం. ఈ తేడా విద్యార్థులకు పాఠంగా చెబుతూ ఇన్నేళ్లు గడిపాం. కట్ట మీద నడుస్తూ చెవులారా వినడం మాత్రం అదే మొదటిసారి.

ఊరి నడిబొడ్డున హిజిర్ బే మస్జిదు, దానికి ఎదురుగా దుందార్ బే మదరసా ఉన్నాయి. మస్జిదు మినారు మామూలుగా నేల మీద నిలబడలేదు. రెంటి మధ్య దారి మీద కమాను కట్టి, ఆ కమాను నెత్తిన మినారు నిలిపారు. సంతకు వెళ్లేవాళ్లు మినారు కిందుగా నడిచిపోతారు. ఈ రెండు కట్టడాలూ మొదట మస్జిదూ కాదు, మదరసా కూడా కాదు. 13వ శతాబ్దంలో సల్జూకు సుల్తానుల కాలంలో ఒకటి సరుకుల గిడ్డంగి, మరొకటి బిడారు వర్తకులు దిగే సరాయి. సల్జూకుల తర్వాత ఇక్కడ రాజ్యం చేసిన హమీద్ వంశీయులలో దుందార్ బే 1301లో సరాయిని మదరసాగా మార్చాడు. హిజిర్ బే గిడ్డంగిని మస్జిదు చేశాడు. లోపల చెక్క స్తంభాలు, పైన వరుస కిటికీలు. జుమా నమాజు మేము అక్కడే చేశాం.

1330ల తొలి సంవత్సరాల్లో ఇబ్నె బతూతా ఈ ఊరు వచ్చాడు. మంచి బజార్లు, పారే నీళ్లు, తోటలు, తియ్యని నీటి సరస్సు ఉన్న పెద్ద పట్టణమని మెచ్చుకున్నాడు. పెద్ద మస్జిదు ఎదుట ఉన్న మదరసాలో దిగానని, అక్కడి ముదర్రిస్ ముస్లిహుద్దీన్ గొప్ప విద్వాంసుడని రాశాడు. ఆ వర్ణనకు సరిపోయేది ఈ మదరసాయే. అది రమజాన్ మాసం. దుందార్ బే కుమారుడు అబూ ఇస్‌హాఖ్ అప్పటి సుల్తాను. సింహాసనం లేకుండా నేల మీద పరిచిన తివాచీ మీద దిండుకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయన పక్కన ముస్లిహుద్దీన్, ఆయన పక్కన ఈ పరదేశి. ఇఫ్తారుకు మొదట చిన్న పళ్లెంలో సరీద్ వచ్చేది. రొట్టె ముక్కల పైన నేతిలో, చక్కెరలో నానిన మసూర్ పప్పు. దైవప్రవక్త (స)కు సరీద్ ఇష్టం గనుక బర్కత్ కోసం దానితోనే మొదలుపెడతామని వాళ్లు చెప్పారట.

ఆ రోజుల్లోనే సుల్తాను కుమారుడొకడు చనిపోయాడు. సమాధి దగ్గరికి జనంతో పాటు ఇబ్నె బతూతా కూడా నడిచి వెళ్తుంటే సుల్తాను చూశాడు. బిడ్డను పోగొట్టుకున్న ఆ తండ్రి, అతిథి కాలినడకన వస్తున్నాడని నొచ్చుకుని, క్షమించమంటూ గుర్రం పంపాడు. మదరసాకు చేరాక ఇబ్నె బతూతా గుర్రాన్ని తిప్పి పంపించాడు. అరువుగా కాదు, కానుకగా ఇచ్చానంటూ సుల్తాను దాన్ని మళ్లీ పంపాడు. వెంట దుస్తులు, పైకం కూడా. ఈ ఘట్టం చదివినప్పుడల్లా మాకు గుర్రం కంటే, అంతటి దుఃఖంలోనూ పరదేశి కాళ్ల మీద పడిన ఆ చూపే గుర్తుండిపోయింది.

అతని బసకు, తిండికి డబ్బెవరిచ్చారు? సుల్తాను దగ్గర సుల్తాను ఇచ్చాడు. కాని అనతోలియా దారుల పొడవునా ఆయనకు ఆశ్రయమిచ్చినవాళ్లలో చాలామంది 'అఖీ'లు. పనివాళ్లు, చిన్న వ్యాపారులు సంఘంగా ఏర్పడి, పగటి సంపాదన సాయంత్రం ఒకచోట చేర్చి, దానితో పరదేశులకు భోజనం పెట్టేవారు. అంతాల్యాలో మాసిన బట్టలతో వచ్చి విందుకు పిలిచిన మనిషిని చూసి, ఈ పేదవాడిని బాధపెట్టడం ఎందుకని ఇబ్నె బతూతా సందేహించాడు. తీరా అతను చెప్పులు కుట్టేవాడు, దాదాపు రెండు వందల మంది పనివాళ్ల పెద్ద. దెనిజ్లిలో ఇంకా చిత్రం. బజారులో కొందరు వచ్చి గుర్రాల కళ్లేలు పట్టుకున్నారు. మరి కొందరు అడ్డుపడి వాళ్లతో పెనుగులాడారు, కత్తులు దూశారు. దొంగలనుకుని యాత్రికులు హడలిపోయారు. అరబీ తెలిసిన ఒక హాజీ వచ్చి విషయం చెప్పాడు: ఇవి రెండు అఖీ బృందాలు, అతిథి మా దగ్గర దిగాలంటే మా దగ్గర దిగాలని గొడవ. చివరికి చీటీలు వేసుకున్నారు.

పెద్ద సరాయిలకు వక్ఫు ఆస్తులుండేవి. కైసేరీ దగ్గరి కరతాయ్ సరాయి వక్ఫు పత్రం 13వ శతాబ్దానిది. ముస్లిం, ముస్లిమేతరుడు, స్వతంత్రుడు, బానిస అన్న తేడా లేకుండా వచ్చిన ప్రతివారికీ రొట్టె, మాంసం సమానంగా పెట్టాలని అందులో ఉంది. చెప్పులు బాగుచేయించడం, గుర్రాలకు నాడాలు వేయించడం కూడా ధర్మకర్త బాధ్యతే. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో ఖురాన్ బాటసారిని కూడా చేర్చింది కదా, దాన్ని ఇటుకలతో, రాళ్లతో కట్టి చూపించిన పని ఇది.

ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. తుర్కీ గణతంత్రం 1924లో మదరసాలను, 1925లో ఖాన్ఖాహ్‌లను, జావియాలను మూసివేసింది. ముస్లిహుద్దీన్ పాఠం చెప్పిన ప్రాంగణం తర్వాత అంగడిగా మారింది. మదరసాలో చదివి, మదరసాలోనే చదువు చెప్పే మాకు ఆ రాతి ద్వారం ముందు నిలబడడం కొంచెం కష్టంగానే అనిపించింది. సరాయి మదరసా అయింది, మదరసా దుకాణాలైంది. గోడలు మాత్రం అవే.

అందుకే నేటి ముసాఫిర్ డబ్బిచ్చి దిగుతున్నాడు. డబ్బు తీసుకుంటే అది ఆతిథ్యం ఎలా అవుతుందని మా బృందంలో ఒకరు వాదించారు. ఆ వాదనతో మేము ఏకీభవించం. అతిథికి ప్రత్యేక మర్యాద ఒక పగలు, ఒక రాత్రి, ఆతిథ్యం మూడు రోజులు, ఆ పైన చేసేది సదఖా అన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లింలలో ఉంది. ఇంటివాళ్లకు ఇబ్బంది కలిగేదాకా అతిథి ఉండిపోకూడదన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. మన ఉపన్యాసాల్లో మొదటి సగం వినిపించినంతగా రెండో సగం వినిపించదు. వక్ఫు లేని చోట ఆ ఇల్లాలు రొట్టె, బొగ్గు ఎక్కడి నుంచి తేవాలి? గదికి వెల కట్టింది, కట్టవలసిందే. సాయంత్రాలు వసారాలో పోసిన టీలకు గాని, మాలో ఒకామెకు జ్వరం వస్తే రాత్రి కాచి తెచ్చిన చోర్బాకు గాని లెక్క కట్టలేదు. అడిగితే చెయ్యి గుండె మీద పెట్టుకుంది, అంతే.

డబ్బిచ్చాం కాబట్టి మా ఇష్టం అనే ధోరణి మాత్రం మనవాళ్లలో పెరుగుతోంది. గదిలో కరెంటు కుక్కరు పెట్టి తాలింపు వేయడం, అర్ధరాత్రి నడవాల్లో పిల్లల్ని పరుగెత్తనివ్వడం, తువ్వాలుతో చెప్పులు తుడవడం యాత్రా బృందాల్లో కళ్లారా చూశాం. ఆవకాయ సీసా తీసుకెళ్లండి, తప్పులేదు. మేమూ తీసుకెళ్లాం, ఆ పెద్దావిడకు రుచి చూపించాం కూడా. ఆమె కళ్ల నీళ్లు తుడుచుకుని మళ్లీ అడిగింది.

గురువారం సంత. వారం పేరు అక్కడ 'పెర్షెంబె', ఫార్సీ పంజ్‌షంబానే. ఆ రోజు కొండ పల్లెల నుంచి వచ్చిన రైతులతో వీధి నిండిపోతుంది. ఇస్పార్తా అంటే గులాబీలు, ఆపిల్ పండ్లు. మా ఊళ్లో ఉల్లిగడ్డల్ని పోసినట్టు అక్కడ ఆపిళ్లను రాశులుగా పోస్తారు. దీవిలోని హోటళ్లలో సరస్సు చేపలు వండుతారు. కొన్నిచోట్ల మద్యం కూడా అమ్ముతారు గనుక కుటుంబాలతో వెళ్లేవారు ముందే అడిగి కూర్చోవడం మంచిది.

ఆ ఆపిళ్ల మాట వచ్చినప్పుడు పెద్దావిడ నవ్వలేదు. వసారా నుంచి వేలు చూపించి, తన చిన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో చెప్పింది. ఇప్పుడక్కడ రెల్లు, బురద. వానలు తగ్గాయి, తోటలకు నీళ్లు తోడేస్తున్నారు, సరస్సు ఏటేటా వెనక్కి పోతోంది. పండు ఎర్రబడాలంటే ఈ నీళ్లే కావాలి, అతిథి రావాలన్నా ఈ నీళ్లే కావాలి. ఆమె కొడుకుకు అటు తోట, ఇటు ఈ గదులు, రెండూ ఉన్నాయి.

మన దగ్గరా ముసాఫిర్ల కోసం కట్టినవాళ్లున్నారు. హైదరాబాదులో నాంపల్లి స్టేషను పక్కన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1919లో సరాయి కట్టారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కొద్ది ఖర్చుతో అక్కడ తలదాచుకునేవారు. తర్వాత పట్టించుకునేవారు లేక అది శిథిలమైంది. మక్కాలో నిజాం కాలపు రుబాత్‌లలో కొన్ని హరం విస్తరణలో పోయినా, పాత హైదరాబాదు సంస్థానపు జిల్లాల హాజీలకు ఉచిత బస కల్పించే ఏర్పాటు మన కాలం దాకా కొనసాగుతూ వచ్చింది. చోటు తక్కువ, అడిగేవారు ఎక్కువ. అందుకని అక్కడ దిగే అవకాశం ఎవరికన్నది హైదరాబాదులో ఖురా తీసి తేలుస్తారు. దెనిజ్లిలో చీటీలు వేసుకున్నది ఆతిథ్యమిచ్చేవాళ్లు.