సోరియాసిస్ చర్మం – కంప్యూటర్ చెప్పిన లెక్క



సోరియాసిస్ ఉన్నవారితో ముసాఫహా చేయడానికి వెనకాడేవారు మనలో ఇంకా ఉన్నారు. పొలుసులు రాలుతుంటే కుష్టేమోనని భయం. (కుష్టుకూ ఇప్పుడు నయంచేసే మందులున్నాయి, అది వేరే మాట.) సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నా అంటదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానం కూడా దీన్ని అంటని వ్యాధిగానే పేర్కొంది.

మరి పొలుసులెందుకు? బడి భాషలో చెబుతాను. పైచర్మం అడుగు వరుసలో కణాలు పుడతాయి. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఏటా పై తరగతికి వెళ్లి, చివరికి బడి విడిచినట్లు, ఆ కణాలు మెల్లగా పైకి జరిగి, ఎండి, రాలిపోతాయి. ఇందుకు సుమారు నెల పడుతుంది. సోరియాసిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ ఇచ్చే తప్పుడు సంకేతాల వల్ల అడుగున చేరికలు విపరీతం. నెల ప్రయాణం కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. పాఠం పూర్తికాని కణాలు పైన పేరుకుపోతాయి. అవే పొలుసులు.

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ బడిని కంప్యూటర్‌లో కట్టారు. కణం ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు పైకి జరగాలి, ఎప్పుడు రాలాలి అన్న నియమాలు రాశారు. అతినీలలోహిత కాంతి చికిత్సతో మచ్చలు ఎలా తగ్గుతున్నాయన్నది వాళ్ల ప్రశ్న. రోగుల మచ్చల మీద రెండు రకాల కాంతి వేసి చూశారు. 311 నానోమీటర్ల కాంతి గుణమిస్తుంది, 290 ఇవ్వదు. 311 పడినచోట కొన్ని చర్మకణాలు తమంతట తామే చనిపోయాయి. 290 పడినచోట అలా జరగలేదు. ఆ మరణాలను కంప్యూటర్ చర్మంలో పెట్టి చూస్తే, మచ్చ తగ్గడానికి అవే సరిపోతాయని లెక్క తేలింది. ఇది 2011లో ప్రచురితమైంది.

ఒక్కసారి కాంతి పడితే పోయేవి కొన్ని కణాలే. అందుకే వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలలపాటు వెళ్లాలి. శాశ్వతంగా పోగొట్టే మందు లేదు గానీ ఇలా అదుపులో ఉంచవచ్చు. చిక్కు ఇక్కడే. నా పాత విద్యార్థి తండ్రి ఒకరు, ఆటో నడిపేవారు, ఎనిమిదిసార్లు వెళ్లి మానేశారు. చికిత్స ఉచితమే, కానీ వెళ్లిన ప్రతిరోజూ సంపాదన పోయేది. మనం మాత్రం మందుల చీటీ చూసే సహాయం చేస్తున్నాం. ఈ ఏడాది దరఖాస్తులో దారిఖర్చుకూ, పోయిన కూలికీ ఒక గడి పెట్టమని కమిటీని అడిగాను.