ఎయిర్ బ్రష్

ఎయిర్ బ్రష్ అనగా సంపీడిత వాయువు సహాయముతో రంగును అతి సన్నని తుంపరగా మార్చి వస్తువుపై చల్లే చిన్న పరికరము. ఇది పెన్ను వలె చేతిలో ఇమిడిపోతుంది. దీనికి గాలిని అందించే యంత్రమును కంప్రెసర్ అంటారు. కొలువు బొమ్మలు, విమానాల, రైళ్ళ నమూనాలు, ఒకటి రెండు అంగుళాల ఎత్తు గల సైనికుల బొమ్మలు మొదలగు వాటికి రంగులు వేయుటకు దీనిని ఉపయోగిస్తారు. కొత్తగా నేర్చుకొనేవారు ఎయిర్ బ్రష్ ఎంపికపై చూపిన శ్రద్ధ కంప్రెసర్‌పై చూపరు. కాని గాలి నిలకడగా, పొడిగా రానప్పుడు ఎంత ఖరీదైన ఎయిర్ బ్రష్ అయినా సరిగా పనిచేయదు.

చరిత్ర

అమెరికాకు చెందిన ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ 1876లో రంగును తుంపరగా చల్లే పరికరమునకు పేటెంటు పొందాడు. 1879లో అయోవా రాష్ట్రానికి చెందిన అబ్నెర్ పీలర్ చేతితో పట్టుకొని చిత్రించుటకు వీలైన నమూనాను తయారుచేశాడు. 1890లలో చార్లెస్ బర్డిక్ గాలి, రంగు పరికరము ముక్కు లోపలనే కలిసే పద్ధతిని రూపొందించాడు. నేటి ఎయిర్ బ్రష్‌లలో అధిక భాగము ఈ పద్ధతి పైననే ఆధారపడి ఉన్నాయి.

స్ప్రే గన్‌తో భేదము

హైదరాబాదులోని ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకు రంగులు వేయుట చూసినవారికి స్ప్రే గన్ పరిచితమే. అది తక్కువ సమయములో ఎక్కువ వైశాల్యమును కప్పుతుంది. అందువలన విగ్రహము ఒంటి రంగు దానితో వేసి, కళ్ళు, నగలు కుంచెతో దిద్దుతారు. ఎయిర్ బ్రష్ అదే సూత్రముపై పనిచేసినా, దాని ధార గీత అంత సన్నముగా రాగలదు. ఒక రంగు నుండి మరొక రంగులోనికి క్రమముగా మారే ఛాయలు తెచ్చుట దీని ప్రత్యేకత. కుంచెతో రంగులు దిద్దే కొండపల్లి బొమ్మల వంటి వాటికి దీని అవసరము లేదు.

ఎయిర్ బ్రష్ ఎంపిక

మీట పనిచేసే తీరును బట్టి ఇవి రెండు రకాలు.

- సింగిల్ యాక్షన్: మీట నొక్కితే గాలి, రంగు కలిసి వస్తాయి. రంగు పరిమాణమును ముందుగానే మరతో సరిచేసుకొనవలెను.
- డబుల్ యాక్షన్: మీటను క్రిందికి నొక్కితే గాలి, వెనుకకు లాగితే రంగు వస్తాయి. అలవాటుకు కొంత కాలము పట్టినా చిన్న బొమ్మలకు ఇదే అనుకూలము.

రంగు గిన్నె పైభాగమున ఉండే గ్రావిటీ ఫీడ్ రకములో తక్కువ పీడనముతో, కొద్ది చుక్కల రంగుతో పని జరుగుతుంది. సీసా క్రింద ఉండే సైఫన్ ఫీడ్ రకము పెద్ద నమూనాలకు తగినది. నాజిల్ రంధ్రము 0.2 మి.మీ. అయితే గీత సన్నగా వస్తుంది, కాని రంగు తరచుగా అడ్డుపడుతుంది. 0.5 మి.మీ. మొదటి పూతలకు మంచిది. తొలిసారి కొనేవారికి 0.3 లేక 0.35 మి.మీ. మధ్యస్థమైన ఎంపిక. సూది, నాజిల్ విడిగా లభించే నమూనానే తీసుకొనవలెను. సూది మొన ఒకసారి వంగితే రంగు ఒక ప్రక్కకు చెదురుతుంది.

కంప్రెసర్ ఎంపిక

చిన్న బొమ్మల పనికి సాధారణముగా 15 నుండి 25 పి.ఎస్.ఐ. పీడనము చాలు. అక్వేరియం పంపు ఇంత పీడనము ఇవ్వలేదు. కారు టైర్లకు గాలి కొట్టే చిన్న పంపులో గాలి విడివిడిగా తన్నుకొని వస్తుంది, ఎక్కువసేపు నడిపితే వేడెక్కుతుంది. కనుక ఈ క్రింది అంశాలు గమనించవలెను.

- నూనె అవసరము లేని పిస్టన్ రకము, సుమారు 3 లీటర్ల గాలి ట్యాంకు. ట్యాంకు ఉన్నచో గాలి ఒకే తీరున వస్తుంది, మోటారుకు విశ్రాంతి దొరుకుతుంది.
- పీడనమును తగ్గించి పెంచే రెగ్యులేటర్, మీటరు. మీటరును గాలి వదులుతూ చదవవలెను, ఆపి చదివితే ఎక్కువ చూపుతుంది.
- ట్యాంకు నిండగానే ఆగిపోయే ఏర్పాటు, భద్రతా వాల్వు.
- తక్కువ శబ్దము. పోటీ పరీక్షల విద్యార్థులు ఎక్కువగా ఉండే అశోక్ నగర్, చిక్కడపల్లి వంటి చోట్ల గోడ అవతలి వారికి ఇది ముఖ్యము.

గొట్టము మరలు ఎక్కువగా 1/8 అంగుళము బి.ఎస్.పి. కొలతలో ఉంటాయి. బాడ్జర్, పాషే వంటి అమెరికన్ సంస్థల మరలు వేరు, వాటికి అడాప్టరు కావలెను. సికింద్రాబాదులోని రాణీగంజ్ యంత్రసామగ్రికి, కోఠిలోని ట్రూప్ బజారు విద్యుత్ సామగ్రికి పేరొందినవి. ఇటువంటి చోట జోడింపులు కొనేవారు గొట్టమును వెంట తీసుకొనిపోయి మరలు సరిచూసుకొనుట మంచిది.

తేమ

గాలిని నొక్కినపుడు వేడెక్కి, తిరిగి చల్లబడేటప్పుడు అందులోని నీటి ఆవిరి చుక్కలుగా మారుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాకాలములో ఇది అధికము. ఈ చుక్క రంగుతో పాటు బొమ్మ ముఖముపై పడితే గంటల శ్రమ వృథా అవుతుంది. దీనిని ఆపుటకు మాయిశ్చర్ ట్రాప్ అనే నీటి వడపోత అవసరము. పని ముగిసిన ప్రతిసారి ట్యాంకు అడుగున ఉన్న మరను విప్పి నీటిని తీసివేయవలెను.

జాగ్రత్తలు

తుంపర కంటికి కనిపించకపోయినా ఊపిరితిత్తులలోనికి చేరుతుంది. నీటితో కలిపే యాక్రిలిక్ రంగులకైనా ఎన్95 మాస్కు ధరించి, కిటికీలు తెరచి పనిచేయవలెను. థిన్నర్ కలిపే రంగులకు అది చాలదు. ఆవిరులను పీల్చుకొనే బొగ్గు వడపోత గల మాస్కు వాడవలెను. ఈ ఆవిరులు మండే స్వభావము గలవి కనుక దీపము, గ్యాసు పొయ్యి ఉన్న గదిలో పని చేయరాదు.

పాత కొలువు బొమ్మలకు తిరిగి రంగు వేసేవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. భారతదేశములో గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసము 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోనికి వచ్చింది. అంతకు ముందటి పూతలో సీసము ఉండవచ్చు. దానిని పొడిగా గరుకు కాగితముతో రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు హానికరము.

శుభ్రపరచుట

రంగును వెన్న తీసిన పాల చిక్కదనమునకు పలుచన చేసి, వడగట్టి పోయవలెను. రంగు మార్చినప్పుడెల్లా గిన్నె కడిగి, శుభ్రమైన నీటిని లేక థిన్నరును చల్లి చూడవలెను. లోపల ఎండిన రంగే ఎయిర్ బ్రష్ పాడగుటకు ముఖ్య కారణము.

ఇవి కూడా చూడండి

- బొమ్మల కొలువు
- కొండపల్లి బొమ్మలు
- ధూల్‌పేట