స్వచ్ఛమైన గాలికి వెల కట్టగలమా?

ఆరోగ్యమే మహాభాగ్యమని తెలుగువారును, తందురుస్తీ వేయి వరములకు సాటియని ఉర్దూ భాషీయులును తరతరాలుగా చెప్పుకొనుచున్నారు. భాగ్యమన్న తరువాత దానికొక లెక్క ఉండవలెను గదా! గాలి శుభ్రపడినచో కలుగు ఆరోగ్యమునకు ఆర్థికవేత్తలు ఆ లెక్కను ఎట్లు కట్టుదురో పరిశీలింతము.

మామిడితోటల నడుమనున్న విస్సన్నపేటకు నగరపు పొగతో పనియేమని తోచవచ్చును. కాని మనవారు చదువులకు, కూలికి, వైద్యమునకు చేరుకొనునది విజయవాడనే. ఆ నగరమునకు చేరువనున్న ఇబ్రహీంపట్నంలో 1979 నుండి బొగ్గును మండించి విద్యుత్తును ఉత్పత్తి చేయుచున్నారు. దానికితోడు వాహనముల పొగ, రోడ్ల దుమ్ము, చెత్తను కాల్చుట. 2019లో కేంద్రప్రభుత్వము జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును ప్రారంభించినపుడు, గాలి నాణ్యతా ప్రమాణములను అందుకొనలేని నగరముల జాబితాలో విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, నెల్లూరు, కర్నూలు చేరినవి.

గాలిలోని ధూళిలో 2.5 మైక్రాన్లకు మించని కణములు అత్యంత ప్రమాదకరమైనవి. అవి ఊపిరితిత్తుల లోతులకు, అచటినుండి రక్తములోనికి చేరి ఉబ్బసమునకు, గుండెజబ్బులకు, పక్షవాతమునకు దోహదము చేయును.

ఇక లెక్క. ఒక కార్మికుడు శ్వాసవ్యాధితో ఏడాదికి 6 దినములు పని మానెననుకొందము. దినకూలి 500 రూపాయలైనచో నష్టము 3,000. మందులకు మరి 2,000. వెరసి 5,000 రూపాయలు. అట్టివారు 10,000 మంది ఉన్నచో నష్టము 5 కోట్లు. గాలి శుభ్రపడి ఇది సగమైనచో, నగరమునకు ఏటేటా మిగులునది రెండున్నర కోట్లు. మంచి బస్సులకు, పొగను వడకట్టు యంత్రములకు అగు వ్యయమును ఈ లాభముతో పోల్చి చూడవలెను. 2000 తరువాతి తొలి సంవత్సరములలో హైదరాబాదులోని పర్యావరణ పరిరక్షణ శిక్షణ పరిశోధన సంస్థ, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సహకారముతో ఆ నగరమునకు ఇట్టి అధ్యయనమే చేసినది. దేశము మొత్తము మీద 2019లో వాయుకాలుష్యము వలన సుమారు 16.7 లక్షల మరణములు సంభవించినవనియు, ఆర్థికనష్టము జాతీయోత్పత్తిలో 1.36 శాతమనియు 2020లో లాన్సెట్ పత్రికాకుటుంబములో వెలువడిన అధ్యయనము తెలిపినది.

అయితే ఈ లెక్కకును ఒక లోపము కలదు. కూలి లేని వృద్ధుని ఆయాసము, బడి మానిన బాలిక దగ్గు, రాత్రంతా మేలుకొన్న తల్లి వేదన, వీనిని దినకూలితో కొలిచినచో వచ్చునది సున్నయే. కనుక ఎంత పెద్ద సంఖ్య తేలినను అది అసలు విలువకన్న తక్కువయేయని గ్రహింపవలెను.

మరియొక ధర్మసూక్ష్మము. ఆ బొగ్గు మండుట వలన వచ్చు వెలుగులో మనమును చదువుకొనుచున్నాము. వెలుగు అందరిది, పొగ మాత్రము పొగగొట్టము చెంత నివసించువారిది! పొగను వడకట్టుటకు ఖర్చెక్కువయని ఎవరైన అన్నచో, వడకట్టకున్న ఆ ఖర్చును ఎవరు చెల్లించుచున్నారని అడుగుట విద్యావంతులమైన మన విధి.